ముల్లు పడే చోటు

"జీతం ఇంటికి మోసుకొచ్చే ఆడవాళ్ళను చూశాను. ఇంట్లో పిండి బయటికి మోసుకుపోయేదాన్ని మాత్రం నిన్నే చూస్తున్నా" అన్నాడు మా ఆయన.

నేనప్పుడు వంటగది నేల మీద గొంతుక్కూర్చుని నాలుగు పొట్లాల మొక్కజొన్న పిండిని పాత దిండు గలీబులోకి వంపుతున్నాను. అతను గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. వేసింది జోకు కాబట్టి నవ్వాను. ఎంత నవ్వాలో అంతే నవ్వాను. తక్కువ నవ్వితే "ఏమిటా మాడు మొహం" అంటాడు, ఎక్కువ నవ్వితే "అంత నవ్వు దేనికిప్పుడు" అంటాడు. అతను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్లవాళ్ళ త్రాసులూ తూకంరాళ్ళూ తనిఖీ చేసి ముద్ర వేయడం పని. పదేళ్ళలో ఒక్క దొంగ తూకాన్ని కూడా వదల్లేదని బయట మంచి పేరుంది. నా నవ్వులో రవ్వంత తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తాడు.

పిండి దేనికంటే, మంచుకు. గలీబులో పిండి పోసి మూతి కుట్టేసి, నేల మీద పడేసి దానిమీద అడుగేస్తే, గడ్డకట్టిన మంచులో బూటు దిగబడిన చప్పుడు వస్తుంది. నిజం మంచు దగ్గర మైకు పెడితే ఎవరో కాగితం నలుపుతున్నట్టుంటుంది తప్ప మంచులా ఉండదు. అందుకే టీవీవాళ్ళు నాలాంటివాళ్ళను పెట్టుకుంటారు. తెర మీద ఎవరు నడిచినా, కుర్చీ జరిపినా, గ్లాసు కింద పెట్టినా, ఆ చప్పుడు తర్వాత స్టూడియోలో నేను చేస్తాను. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. చప్పుళ్ళు చేయడం నా ఉద్యోగం, చప్పుడు చేయకుండా ఉండడం నా కాపురం. రెండూ బాగానే నేర్చుకున్నాను.

అత్తయ్యకు నా ఉద్యోగం గురించి పదిమందిలో చెప్పుకోవాలంటే నామోషీ. "మా కోడలు టీవీలో పనిచేస్తుంది అంటే ఏ సీరియల్లో కనిపిస్తుందని అడుగుతారు. కనిపించదు, గుర్రం పరిగెత్తితే ఆ డెక్కల చప్పుడు మా కోడలేనని ఎలా చెప్పుకోను?" అంది ఒకసారి. ఆవిడన్న మాటల్లో నాకు నిజంగా నవ్వొచ్చిన మాట అదొక్కటే. మిగతావన్నీ ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనే బాపతు. ఆ ఈగలను తోలేది కూడా నేనేనన్న సంగతి ఆవిడకు గుర్తుండదు. పొద్దున ఐదింటికి లేచి ముగ్గురికి మూడు రకాల టిఫిన్లు చేసి, డబ్బాలు కట్టి, హాలు తడిగుడ్డ పెట్టి తుడిచి, ఆ తర్వాతే నేను గుర్రాన్ని.

"ఈ కొండ సినిమాతో సరి కదూ?" అన్నాడు మా ఆయన, గలీబు మూతి కుడుతున్న నా చేతుల వంక చూస్తూ.

"సరేనండీ."

"సరేనంటే?"

"ఇదే ఆఖరు. మళ్ళీ ఒప్పుకోను."

"చూడు మరి. నేను అడగలేదు, నువ్వే అంటున్నావు. రేపు నేనేదో మాన్పించానని నలుగురికీ చెప్పకు."

సూది వేలికి గుచ్చుకుంది. పైకి కనబడనివ్వలేదు. నాకు నా పని మీద ప్రేమ ఉన్నమాట నిజమే గానీ, నా భయం ఆ ప్రేమ గురించి కాదు. రోజుకు తొమ్మిది గంటలు ఈ ఇంట్లో ఉండకపోవడం, అదీ నా అసలు ఉద్యోగం. అది పోతే ఇరవైనాలుగు గంటలూ ఇక్కడే. తనిఖీల మధ్యలో ఏ పదకొండింటికో, ఏ రెండింటికో చెప్పాపెట్టకుండా తలుపు తీసుకుని వచ్చేస్తాడు. ఏ నిమిషాన వస్తాడో తెలియక పగలంతా మెట్ల వైపు చెవి పెట్టుకుని బతకాలి.

స్టూడియో ఒక పాత మేడ కింద, నేలమాళిగలో ఉంటుంది. నేలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో కంకర, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో చెక్క, ఒకదాంట్లో పాలరాయి. గోడకు నలభై జతల చెప్పులూ బూట్లూ. ముందు తెర. దాని మీద బొమ్మ నడుస్తుంటే కింద నేను నడుస్తాను. అద్దాల గది అవతల, మిషను ముందు మీటరమ్మ కూర్చుంటుంది. ఆవిడ సౌండ్ ఇంజనీరు. చప్పుడు ఎంతుందో చూపించే మీటరు మీది ముల్లు వైపు నుంచి కళ్ళు తిప్పదని ఎవరో ఆ పేరు పెట్టారు. అరవైకి దగ్గరపడింది. ముప్పైయేళ్ళుగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెవుల పైన జుట్టు అరిగిపోయింది.

ఈసారి పని ఒక టెలిఫిల్మ్. ఒక బడి పంతులమ్మ సెలవుల్లో ఒంటరిగా కొండెక్కుతుంది. మంచు చీలికలో పడి కాలు విరుగుతుంది. రెండు రోజులు ఆ చీలికలోనే. మూడోనాడు వెతికేవాళ్ళు వచ్చి పైకి లాగుతారు. కథంతా అంతే. షూటింగు ఒక షెడ్డులో ఉప్పూ స్పాంజీ పోసి చేశారు. ఆ నటి లైట్ల కింద చెమటలు కక్కుతూ చలికి వణికిందట. ఆమెకు చలి నేను పెట్టాలి. పాత తోలు సంచీ మెలిపెట్టి తాడు బిగుసుకునే చప్పుడు చేశాను. క్యారెట్ విరిచి కాలు విరిచాను. గాలి, రాళ్ళు జారడం, గోళ్ళతో మంచు గీరడం, అన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి. చివరి సీను మిగిలింది.

చివరి సీనులో తెర మీద ఏమీ జరగదు. చీలికలో చీకటి, అందులో పంతులమ్మ మొహం. ఇరవై సెకన్లు. పైన ఎక్కడో అడుగులు. ఆమెను వెతుక్కుంటూ వస్తున్న మనిషి అడుగులు. మొదట దూరంగా, తర్వాత దగ్గరగా. ఆ మనిషి కనిపించడు. ఆమె కళ్ళల్లో మార్పు, అంతే. బతికానని ఆమెకూ చూసేవాళ్ళకూ తెలియాల్సింది ఆ అడుగుల వల్లే. అంటే ఆ సీనంతా నా కాళ్ళ మీదే నిలబడి ఉంది.

బరువైన బూట్లు తొడుక్కున్నాను. పిండి గలీబుల మీద నడిచాను. డైరెక్టరు, చిన్న వయసు పిల్ల, నన్ను అక్కా అంటుంది, తల అడ్డంగా ఊపింది. రెండోసారి మెల్లగా నడిచాను. మూడోసారి వేగంగా. బూట్లు మార్చాను. బరువు తగ్గించాను. ఏడోసారికి డైరెక్టరు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమనుకోకు అక్కా. ఈ అడుగులు వింటుంటే నాకే భయమేస్తోంది. ఈయన ఆమెను కాపాడ్డానికొస్తున్నాడా, చంపడానికొస్తున్నాడా?"

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. ఇంకో రెండు టేకులు చేశాం. అదే. తెర మీద పంతులమ్మ కళ్ళు వెలుగుతున్నాయి, నా అడుగులు వింటే ఆ వెలుగు కాస్తా బెదురులా కనిపిస్తోంది. బొమ్మ మారలేదు, నా చప్పుడే ఆమె మొహాన్ని మార్చేస్తోంది.

"రేపు మధ్యాహ్నందాకా చూద్దాం" అంది డైరెక్టరు. "అప్పటికీ రాకపోతే కంప్యూటర్లో ఉన్న అడుగులు వేసేస్తాం. ఛానెల్‌వాళ్ళు ఎప్పట్నించో అంటున్నారు, వేల చప్పుళ్ళు అందులో ఉండగా మనిషెందుకని. నేనే అడ్డుపడుతున్నాను. ఇదొక్కటీ వాటితో కానిచ్చేస్తే, నేనిక నోరెత్తలేను అక్కా."

ఆమె వెళ్ళాక మీటరమ్మ నన్ను అద్దాల గదిలోకి పిలిచింది. తొమ్మిది టేకులూ వరసగా వేసింది. "వినకు, చూడు" అంది ముల్లు వైపు వేలు చూపించి. అడుగు పడినప్పుడల్లా ముల్లు లేస్తోంది, పడుతోంది. పన్నెండో సెకను దగ్గర పూర్తిగా పడిపోయి మూడు సెకన్లు అలాగే ఉంది. మళ్ళీ లేచింది. రెండో టేకులోనూ పన్నెండో సెకను. మూడో టేకు వేగంగా నడిచాననుకున్నానా, అందులోనూ అంతే. తొమ్మిదింటిలోనూ ముల్లు అక్కడే పడిపోయింది.

"నువ్వు ఆగుతున్నావమ్మాయ్" అంది మీటరమ్మ. "ఆ మనిషి చీలిక దాకా వచ్చి, కింద మనిషి ఉందని తెలిసి కూడా ఆగుతున్నాడు. స్క్రిప్టులో ఆగమని లేదు."

నేను ఆగుతున్నట్టు నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"తెలియకపోవచ్చు. ఎవరి నడక ఇది?"

"ఎవరిదీ కాదు. నాదే."

"నీది కాదు. నువ్వు పిల్లికంటే మెత్తగా నడుస్తావు. ఇది నేలంతా తన సొత్తే అనుకునేవాడి నడక" అంది. మిషను కట్టేసి, దాని మీద గుడ్డ కప్పింది. నేను బూట్లు విప్పుతుంటే లేసు ముడి పడిపోయింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చున్నాను గానీ ఏ స్టాపులు వస్తున్నాయో చూడలేదు. మూడేళ్ళ కిందటి చలికాలం. ఆ రోజు రికార్డింగు ఆలస్యమై, చెప్పిన దానికంటే గంటన్నర ఆలస్యంగా ఇంటికొచ్చాను. అతను ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నేను ఇంకా త్వరగా పనులు చేస్తాను. ఆరేసిన బట్టలు తీద్దామని ఇంట్లో కట్టుకునే పల్చటి బట్టలతో, వట్టి కాళ్ళతో బాల్కనీలోకి వెళ్ళాను. వెనక తలుపు మూసుకుంది. పైన గడియ పడింది. మాది ఐదో అంతస్తు. ఆ రోజు కుళాయిల్లో నీళ్ళు గడ్డకట్టాయి. మొదట గాలికి పడిందనుకున్నాను. గాలికి తలుపు పడుతుంది, గడియ పడదు. తెలిసి కూడా కాసేపు గాలేననుకున్నాను. కింద వీధిలో మనుషులు పోతున్నారు. ఒక్క కేక పెడితే తలెత్తి చూసేవాళ్ళే. పెట్టలేదు. నలుగురూ చూస్తారని సిగ్గు. లోపల అత్తయ్య టీవీ గొంతు పెంచింది. చప్పుళ్ళతో బతికేదాన్ని, వేలి కణుపుతో తలుపు మీద కొట్టడానికి కూడా భయపడి, ఆరేసిన అతని చొక్కాలే ఒకదాని మీద ఒకటి కప్పుకుని నిలబడ్డాను.

అప్పుడు లోపల అడుగులు వినిపించాయి. తలుపు దాకా వచ్చాయి. వచ్చేశాడు, తీసేస్తాడు అనుకున్నాను. అడుగులు ఆగాయి. తలుపుకు అటు అతను, ఇటు నేను. అతను అక్కడున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికి తెలుసు. తర్వాత అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. ఎవరో తరిమితే వెళ్ళినట్టు కాదు, తీరిగ్గా. మొత్తం మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఆగి వెళ్ళాడు. తర్వాత ఎప్పుడడిగినా, "గడియ పడిందా? నేను చూసుకోలేదే" అన్నాడు. అత్తయ్య ఇంకో మాట అంది. "చెయ్యి చేసుకోని మొగుడు దొరకడమే గొప్ప. గోరంతను కొండంత చేయకు." నేను గోరంత కూడా చేయలేదు. ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళ నా విద్యంతా పోగుచేసి ఈ రోజు పంతులమ్మ నెత్తిన ఆ అడుగులే వేశాను కాబోలు. ఎవరైనా నా కోసం వస్తున్నారంటే నాకు తెలిసిన చప్పుడు అదొక్కటే.

దిగాల్సిన స్టాపు దాటి మరో రెండు స్టాపులు పోయాక దిగాను. పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాను. అతను ఆరింటికి వస్తాడు. ఆరుకు పది నిమిషాలుంది.

మా పాపకు తొమ్మిదేళ్ళు. హాల్లో నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. చిన్నప్పుడు చీమ చిటుక్కుమన్నా తల తిప్పేదని దాన్ని చెవులపిల్లి అని పిలిచేదాన్ని. ఇప్పుడూ అదే పేరు. నేను కూరగాయలు తరుగుతున్నాను. అత్తయ్య టీవీ చూస్తోంది. అతని రాకను ఎలా వినాలో నాకు ఒక లెక్క ఉంది. మెట్ల మీద రెండో మలుపు దగ్గర దగ్గితే ఫరవాలేదు. తాళాలు వచ్చీ రాగానే మేకుకు తగిలిస్తే మంచి రోజు. బల్ల మీద పెడితే ఏదో అడుగుతాడు. చేతిలోనే పట్టుకుని ఆడిస్తూ ఉంటే, ఆ రోజు ఏం జరుగుతుందో చెప్పలేం. ఈ లెక్క నా ఒక్కదాని మనసులోనే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.

తలుపు తెరుచుకుంది. హాల్లో తాళాల గుత్తి గలగలలాడింది, ఆగలేదు. నేను కత్తి కింద పెట్టాను. అప్పుడే వంటగది గుమ్మంలోంచి పాపను చూశాను. అది వీపు తిప్పి కూర్చుంది, తండ్రిని చూడలేదు. వింది. రబ్బరు, పెన్సిలు పెట్టెలో పెట్టి చప్పుడు కాకుండా మూత వేసింది. కాళ్ళు ముడుచుకుంది. అత్తయ్య చేతికి రిమోటు అందించింది, ఆవిడ అడక్కుండానే, గొంతు తగ్గించమన్నట్టు. నా విద్యంతా దానికి వచ్చేసింది. నేను నేర్పలేదు.

"చెప్పావా?" అన్నాడు అతను నాతో, తాళాలు ఆడిస్తూ.

"రేపటితో పని అయిపోతుందండీ. రేపు చెబుతాను."

"అంటే ఇవాళ చెప్పలేదు."

"రేపు తప్పకుండా."

తాళాలు గలగలలాడాయి. అతను హాలు మధ్యలో నిలబడి నేల వైపు చూశాడు. బాల్కనీ తలుపు దగ్గర నేల మీద పొడుగాటి గీత ఒకటుంది. రోజూ తడిగుడ్డతో తుడిచేది నేనే కాబట్టి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు కంఠతా వచ్చు. పాలిష్ పెట్టించమని అతను ఎన్నిసార్లు చెప్పినా ఏదో వంక చెప్పి దాటేస్తూ వచ్చాను.

"ఈ గీత ఇంకా పోలేదే" అన్నాడు. పాప తల మీద చెయ్యి వేశాడు. "కుర్చీ లాగితే నేల పాడవుతుందని ఇప్పటికైనా తెలిసిందా?"

"తెలిసింది నాన్నా" అంది పాప. తలెత్తి నవ్వింది.

ఎంత నవ్వాలో అంతే నవ్వింది.

మర్నాడు స్టూడియోకి అందరికంటే ముందు వెళ్ళాను. రాత్రంతా ఆ నవ్వే కళ్ళ ముందుంది. బూట్లు తొడుక్కుని పిండి గలీబుల ముందు నిలబడ్డాను. అడుగు వేయడానికి కాలు రాలేదు. వేస్తే మళ్ళీ అతనే నడుస్తాడని భయం. మీటరమ్మ వచ్చి, మిషను మీది గుడ్డ తీసి, నా వంక చూసింది. నేను కళ్ళు మూసుకుని ఆ బాల్కనీలోకే మళ్ళీ వెళ్ళాను. ఈసారి అతని అడుగుల కోసం కాదు, వాటి తర్వాత వచ్చిన వాటి కోసం.

ఆ రోజు తలుపు తీసింది పాప. అప్పుడు దానికి ఆరేళ్ళు. గడియ పైన ఉంటుంది, అందదు. అతను మూడోసారి వెనక్కి వెళ్ళాక, చిన్న చిన్న పాదాలు నేల మీద పరిగెత్తిన చప్పుడు వినిపించింది. తిన్నగా రాలేదు. ఒక అడుగు పొడుగు, ఒకటి పొట్టి. మధ్యలో పడింది. మోకాలు నేలకు కొట్టుకున్న చప్పుడు నాకు తలుపు ఇవతలికి వినిపించింది. ఏడవలేదు. లేచింది. వెనక్కి పరిగెత్తింది. తర్వాత కుర్చీ. తన బరువంత కుర్చీని గీరుకుంటూ, ఊపిరి ఎగబోసుకుంటూ లాక్కొచ్చింది. లోపలి నుంచి "ఎవరది" అని అతని గొంతు వినిపించింది. కుర్చీ ఒక్క క్షణం కూడా ఆగలేదు, ఇంకా వేగంగా వచ్చింది. గడియ తీసి కుర్చీ మీద నిలబడి ఉంది. అంత చలిలోనూ దాని మొహమంతా చెమట. వణికిపోతోంది. నాకంటే ఎక్కువ భయపడింది ఆ రోజు.

అక్కడ పట్టుకున్నాను. అతని అడుగుల్లో భయం లేదు. అందుకే వింటే భయమేస్తుంది. కాపాడడానికి వచ్చేవాళ్ళ అడుగుల్లో భయం ఉంటుంది. అందుకునేసరికి మనిషి పోతుందేమోనని, తాము పడిపోతామేమోనని. కొలుచుకుని అడుగేసే తీరిక వాళ్ళకుండదు. భయపడతారు గానీ ఆగరు. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తూ ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

"పెట్టండి మీటరమ్మా" అన్నాను.

అవే బరువు బూట్లు. ఈసారి తెర వైపు చూడలేదు. పరిగెత్తాను. ఒక అడుగు పొడుగు, ఒకటి పొట్టి. గలీబు అంచు మీద కాలు జారి నిజంగానే పడ్డాను, మోకాలు చెక్కకు కొట్టుకుంది. లేచాను. స్ట్రెచరు లాగే చప్పుడు విడిగా చేద్దామనుకున్నాం ముందు. నేను అప్పుడే, పరిగెత్తుతూనే, గోడ పక్కనున్న చెక్క కుర్చీని అందుకుని పిండి మీద గీరుకుంటూ లాక్కొచ్చాను. ఊపిరి అందడం లేదు. కుట్టు ఊడి గలీబు పగిలి పిండంతా లేచింది. పన్నెండో సెకను ఎప్పుడు దాటిందో నాకు తెలియదు. మీటరమ్మ చెయ్యి ఎత్తే దాకా ఆగలేదు.

డైరెక్టరు ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. బొమ్మతో కలిపి వేసి చూశాం. చీలికలో పంతులమ్మ మొహం. పైన అడుగులు. ఆమె కళ్ళు వెలిగాయి, ఈసారి అది వెలుగుగానే కనిపించింది. డైరెక్టరు ముక్కు తుడుచుకుంది.

"పడిపోయిన చప్పుడు కూడా ఉంచేద్దాం అక్కా. ఎక్కడ దొరికింది నీకిది?"

"ఇంట్లోనే ఉంది" అన్నాను. "ఇన్నాళ్ళూ వెతకలేదు."

"వచ్చే వారం ఓడ మునిగే సినిమా ఉంది. నీళ్ళ పని చాలా ఉంటుంది. వస్తావుగా?"

వస్తే ఏం జరుగుతుందో, తాళాలు ఎన్ని రోజులు గలగలలాడుతాయో నాకు తెలుసు. "వస్తాను" అన్నాను. ఆ మాట అంటుంటే నా చెవులకే ఎవరో అన్నట్టు వినిపించింది.

డైరెక్టరు వెళ్ళాక మీటరమ్మ పాత తొమ్మిది టేకులూ ఒక ఫైలులో పెట్టింది. పనికిరాని చప్పుళ్ళు కూడా మేం పారేయం. ఏ దెయ్యం కథకో, ఏ దొంగ కథకో పనికొస్తాయి. వాటికి పేరు రాసి దాస్తాం.

"వీటికేం పేరు రాయను?" అంది కీబోర్డు మీద చేతులు పెట్టి.

నేను జుట్టులో పిండి దులుపుకుంటున్నాను. దులుపుకోవడం ఆపాను. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు.

"మా ఆయన అని రాయండి."

ఆవిడ తల తిప్పలేదు. ఒక్కొక్క అక్షరమే కొట్టింది. తర్వాత సొరుగు తీసి ఒక తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"నేనుండేది ఈ మేడ మీదే కదా. పక్క గది ఖాళీగా ఉంది. మంచం ఉంది, పొయ్యి ఉంది. ఎన్నాళ్ళని నేనడగను. గడియ లోపలి వైపే ఉంటుంది."

ఆవిడకు నేను గడియ సంగతి చెప్పలేదు. ముప్పైయేళ్ళు చెవులతో బతికిన మనిషికి మూడు సెకన్లు చాలినట్టుంది. తాళంచెవి అందుకున్నాను.

రెండున్నరైంది. బడి మూడింటికి వదులుతారు. అతను ఆరింటికి వస్తాడు. ఏ రెండింటికో రావాలని ఇవాళే బుద్ధిపుట్టి ఇప్పటికే వచ్చేసి ఉంటే? వాళ్ళమ్మ ఫోను చేసి ఉంటే? బడి గేటు దగ్గరే నిలబడి ఉంటే? బట్టలు లేవు, పాప పుస్తకాలు సగం ఇంట్లోనే ఉన్నాయి. రేపు బడికొచ్చి పిల్లను తీసుకుపోతానంటే పంతుళ్ళు ఎవరి మాట వింటారు? ఒక్కటీ తేల్లేదు. మీటరమ్మ అంది, రేపు పొద్దున హెడ్‌మాస్టరు దగ్గరికి తనూ వస్తానని. బస్సు రాలేదు. నిలబడలేకపోయాను. నడవడం మొదలుపెట్టాను, నడక ఎక్కడ పరుగైందో తెలియదు. ఒక చోట రాయి తగిలి తూలాను. వీధిలో జనం చూశారు. ఈసారి చూడనిచ్చాను.

బడి వరండా పొడుగ్గా ఉంటుంది. చివర బెంచీ మీద మా చెవులపిల్లి అటు తిరిగి కూర్చుని సంచీ సర్దుకుంటోంది. పని లేక నేను తీసుకెళ్ళడానికొచ్చిన రోజున, వరండా ఈ చివర ఉండగానే, తల తిప్పకుండానే, లేచి నిలబడుతుంది. నా అడుగు దానికి అంత బాగా తెలుసు. ఇవాళ లేవలేదు. నేను దగ్గరికొచ్చి పక్కన ఆగిన తర్వాతే తలెత్తి చూసి, తెల్లబోయింది.

"నువ్వా అమ్మా? ఎవరో పరిగెత్తుకొస్తున్నారు, ఎవరి కోసమో అనుకున్నా."

"నీ కోసమే" అన్నాను.

అది నా మోకాలి మీది దెబ్బ చూసింది, జుట్టులో మిగిలిన పిండి చూసింది. ఎంత నవ్వాలో తెలియనట్టుగా నా మొహంలోకి చూసింది. నేను కింద కూర్చుని, ఇవాళ ఇంటికి వెళ్ళడం లేదని చెప్పాను. మీటరమ్మ వాళ్ళ మేడ మీద ఒక గది ఉందని, అక్కడ మనిద్దరమే ఉంటామని, గడియ లోపలి వైపే ఉంటుందని చెప్పాను. వరండా ఆ చివరన ఎవరివో అడుగులు వినిపిస్తే ఇద్దరం ఒకేసారి తల తిప్పి చూశాం. బడి ఆయా.

"నాకు అందుతుందా గడియ?" అంది.

"అందకపోతే కుర్చీ లాక్కుందాం."

"గీతలు పడతాయమ్మా."

"పడనీ" అన్నాను.